పారేసినవీ, పారేసుకున్నవీ

కిందటి శ్రావణమాసంలో నా చెవిదుద్దు ఒకటి పోయింది. రెండూ పోయినా ఒక్కసారి ఏడ్చి ఊరుకునేదాన్నేమో. ఒకటే పోయింది గనక, మిగిలినదాన్ని చూసినప్పుడల్లా మళ్ళీ మొదటినుంచీ బాధపడవలసి వస్తోంది. ఏడు రాళ్ళ దుద్దులవి. మా పెళ్ళిలో అత్తగారు తన చెవులనుంచి తీసి నా చెవులకి పెట్టారు. ఆ సంగతి ఆవిడ మరచిపోరు, నన్ను మరచిపోనివ్వరు.

పోయిన విధం చెబితే నవ్వుతారు. ఒక దుద్దుకి మర వదులైంది. శుక్రవారం వరలక్ష్మీవ్రతంలోగా బాగు చేయించుకుందామని మంగళవారం పొద్దున్నే తీసి, పేపరు ముక్కలో పొట్లం కట్టి, వంటింటి గట్టు మీద పెట్టాను. పక్కనే కొత్తిమీర వేళ్ళూ, చిక్కుడుకాయల ఈనెలూ కుప్పగా ఉన్నాయి. ఇంతలో ఫోను మోగింది. మా చెల్లెలు. మా చెల్లెలు ఫోను చేస్తే అన్నం మాడవలసిందే. మాట్లాడి వచ్చేసరికి గట్టు అద్దంలా మెరుస్తోంది. ఏ రోజైనా గట్టు అలా ఉంటే నాకెంత సంతోషమో! ఆ రోజు మాత్రం గుండె జారిపోయింది.

మా ఇంట్లో పనిచేసే అమ్మాయి జవహర్‌నగర్‌నుంచి వస్తుంది. అమ్మాయి అంటున్నాను గానీ ఇద్దరు పిల్లల తల్లి. మేముండే నేరేడ్‌మెట్‌కి రోజూ పొద్దున్నే ఆటోలో వచ్చి, నాలుగిళ్ళలో పని చేసుకుని, మధ్యాహ్నానికి వెళ్ళిపోతుంది. ఆరేళ్ళుగా మా ఇంట్లో చేస్తోంది. బీరువా తాళాలు గట్టుమీద వదిలేసి బజారుకి వెళ్ళిన రోజులున్నాయి.

"ఇక్కడ ఒక పొట్లం ఉండాలి, చూశావా?" అని అడిగాను.

"లేదమ్మా, నేను జూడలే" అంది.

"సరిగ్గా గుర్తు తెచ్చుకో" అన్నాను. ఇల్లంతా వెతికి వచ్చి, "బాగా ఆలోచించు" అని మళ్ళీ అన్నాను. ఇంకోసారి బీరువా కిందా, మంచాల కిందా చూసి వచ్చి మూడోసారి అడిగాను. మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, ఇలాంటి ప్రశ్నని మూడోసారి అడిగితే అది ప్రశ్న కాదు. నేను ఏమీ అనలేదు. అనవలసింది నా గొంతే అనేసింది. ఆ అమ్మాయి మిగిలిన గిన్నెలు తోమి, బోర్లించి, చేతులు తుడుచుకుని వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు.

బుధవారం పొద్దున్న చెత్త బండి వచ్చింది. మా వీధిలో ఉన్న ఆడవాళ్ళందరికీ ఆ బండి పాట కంఠతా వచ్చు గానీ, బండి నడిపే అబ్బాయి మొహం ఆ రోజే సరిగ్గా చూశాను. "నిన్న మా ఇంటి చెత్త ఎక్కడుంది బాబూ?" అని అడిగితే నావైపు వింతగా చూశాడు. ఇన్నేళ్ళలో అతన్ని ఆ మాట అడిగినవాళ్ళు లేరుట.

"నిన్నటిది నిన్ననే పోయింది మేడం. మేం ట్రాన్స్‌ఫర్ స్టేషన్ల పోస్తం. ఆడికెల్లి పెద్ద లారీల జవహర్‌నగర్ పోతది."

"అక్కడికి వెళ్ళి వెతికితే?"

అతను నవ్వలేదు. అంతకన్నా ఘోరం, జాలిపడ్డాడు. "ఆడ గుట్ట ఉంటది మేడం" అన్నాడు.

సాయంత్రం మావారు లెక్క కట్టి చెప్పారు. హైదరాబాదు మహానగరం రోజుకి సుమారు 7,000 టన్నుల చెత్త జవహర్‌నగర్‌కి పంపుతుందిట. అందులో మూడు గ్రాముల దుద్దు! పైగా ఈ మధ్య వచ్చిన చెత్తలో కొంత కాల్చి కరెంటు తీస్తున్నారు కదా. అక్కడి విద్యుత్ కేంద్రం 2020లో 19.8 మెగావాట్లతో మొదలై, తరవాత 24 మెగావాట్లకి పెరిగింది. "వజ్రమంటే రసాయనికంగా బొగ్గేనోయ్. నీ ఏడు రాళ్ళూ కాలి కరెంటై ఈపాటికి మన ఫాను తిప్పుతుంటాయి" అన్నారు మావారు. అత్తగారు ఆ ఫాను కిందే కూర్చుని ఉన్నారు. నవ్వలేదు.

గురువారం కూడా ఆ అమ్మాయి రాలేదు. ఫోను ఎత్తలేదు. శుక్రవారం వ్రతం, ముత్తైదువలు, సెనగలు, తాంబూలాలు. నేను బయలుదేరి జవహర్‌నగర్ వెళ్ళాను. క్షమాపణ చెప్పడానికి వెళ్ళానని రాసుకుంటే బాగానే ఉంటుంది. కానీ నిజం రాయాలి. గిన్నెలకోసం వెళ్ళాను.

నేరేడ్‌మెట్‌నుంచి ఆటోలో అరగంట. సైనిక్‌పురి దాటేదాకా చెట్ల నీడలూ, కాంపౌండు గోడల మీద బోగన్‌విల్లాలూ. తరవాత రోడ్డు ఇరుకవుతుంది, ఇళ్ళు దగ్గర పడతాయి. ఇంకాస్త ముందుకి వెళ్ళాక గాలి మారింది. నేను చప్పున కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. ఆటో డ్రైవరు అద్దంలోంచి చూసి, "వాన పడ్డది గద, గందుకే ఎక్కువుంది" అన్నాడు, వాళ్ళింట్లో ఏదో మాడిపోయినందుకు సంజాయిషీ చెప్పుకున్నట్టు. ఆ వాసన మా ఇంటిది. ఆ కొత్తిమీర వేళ్ళు నావి. సంజాయిషీ అతను చెప్పుకుంటున్నాడు.

ఊరి పేరు చూడండి ఎంత అందంగా ఉందో. జవహర్‌నగర్! 1950లలో మాజీ సైనికులకి ఆసరాగా ఉంటుందని ఇక్కడి భూములు కేటాయించారు. దేశంకోసం యుద్ధాలు చేసి వచ్చినవాళ్ళు నాలుగెకరాలు దున్నుకుని బతుకుతారని అనుకున్నారు. తరవాత్తరవాత ఎక్కడెక్కడినుంచో బతకడానికి పట్నం వచ్చినవాళ్ళు, పట్నంలో చోటు చాలక ఇక్కడ చిన్న చిన్న ఇళ్ళు వేసుకున్నారు. 2000 దశకంలో నగరం చెత్త వచ్చి చేరింది. మూడు వందల ఎకరాల పైచిలుకు జాగాలో లారీ మీద లారీ పోస్తూ పోస్తూ, కోటీ ఇరవై లక్షల టన్నుల గుట్ట చేశారు. 2020 నాటికి ఆ పాత గుట్ట మీద మట్టి కప్పి, ప్లాస్టిక్ పొర పరిచి, పైన గడ్డి పెంచారు. దూరంనుంచి చూస్తే పచ్చగా కొండలాగే ఉంటుంది. తెలియనివాళ్ళు పైన గుడి ఏదైనా ఉందేమో అనుకుంటారు. కానీ లోపల కుళ్ళినదంతా నల్లటి నీరుగా ఏళ్ళ తరబడి ఊరి దాకా దిగింది. మల్కారం చెరువు ఆ నీటితోనే పాడైంది. దాన్ని శుద్ధి చెయ్యడానికి 2023లో ఒక ప్లాంటు ప్రారంభించారు. అంతకుముందూ ఆ తరవాతా కూడా జవహర్‌నగర్, దమ్మాయిగూడ జనం ధర్నాలు చేస్తూనే వచ్చారు, గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. ఆ వార్తలు నేను పేపర్లో చూశాను. ఆ పేపరు ముక్కలోనే దుద్దు పొట్లం కట్టానేమో కూడా.

ఆ అమ్మాయి ఇల్లు రెండు గదులు. నన్ను చూసి ఆశ్చర్యపోయింది గానీ మొహం చాటేయలేదు. ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేసింది. కిటికీ మూసే ఉంది. సందుల్లో చిరిగిన చీరపేలికలు కుక్కి ఉన్నాయి. చలికి కాదు. పెద్దపిల్ల బల్ల దగ్గర కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. టీ పెట్టి ఇచ్చింది. గ్లాసు నోటిదాకా తెచ్చాను, కొంగు ఇంకా ముక్కు దగ్గరే ఉంది. పెద్దపిల్ల తలెత్తి నావైపు చూసింది. కోపంగా కాదు, మామూలుగానే చూసింది. కొంగు దించి టీ తాగాను. అల్లం వేసింది, బాగుంది. కాసేపటికి వాసన తెలియడం మానేసింది. అది ఇంకా సిగ్గుగా అనిపించింది. అలవాటు పడడానికి నాకు పదిహేను నిమిషాలు చాలాయి. నేను తిరిగి వెళ్ళిపోయే మనిషిని గనక చాలాయి.

ఏం మాట్లాడాలో తెలియక, "పొట్లం చెత్త బండిలో పోయినట్టుంది, వాళ్ళు ఇక్కడికే తెస్తారుట" అన్నాను.

ఆ అమ్మాయి కొంచెంసేపు ఊరుకుంది. తరవాత నెమ్మదిగా, "అవునమ్మా. మా ఇంటికైతే రాలేదు. మా ఊరికొచ్చింది" అంది.

ఇంత చిన్న మాటకి ఏం జవాబు చెప్పాలో, పాతిక నవలలు రాసినదాన్ని, నాకు తోచలేదు.

తిరిగి వస్తూ దారి పొడుగునా ఆ మాటే. ఆ అమ్మాయి పొద్దున్నే జవహర్‌నగర్‌నుంచి మా ఇంటికి వస్తుంది, మా ఇంటి మురికి తీస్తుంది. ఆ మురికి లారీ ఎక్కి, రాత్రికి ఆ అమ్మాయి వెనకే జవహర్‌నగర్ చేరుతుంది. మురికితోపాటు మంగళవారం నాడు ఇంకొకటి కూడా పంపించాను, నా అనుమానం. అజాగ్రత్త నాది. పొట్లం కట్టింది నేను, చెత్త పక్కన పెట్టింది నేను, గట్టు తుడిచే వేళకి ఫోనులో కబుర్లాడింది నేను. కానీ ఆ తప్పు నా ఇంట్లో ఉంచుకోలేకపోయాను. ఇంట్లో ఏది ఉంచుకోలేకపోయినా తీసి బయట పడెయ్యడం నాకు అలవాటు. ఆ బయట అన్న చోట ఒక మనిషి నిలబడి ఉంటుందని ఎప్పుడూ చూసుకోలేదు.

నేను బి.ఏ. చదివేటప్పుడు మాకు వ్యాకరణం చెప్పిన మాస్టారు 'కొను' అనే చిన్న మాట గురించి ఒక గంట పాఠం చెప్పారు. క్రియకి 'కొను' చేరితే ఆ పని ఫలితం చేసినవాళ్ళకే చెందుతుందిట. వండడం వేరు, వండుకోవడం వేరు. దాన్ని ఆత్మార్థకం అంటారు. అప్పుడు ఆవలిస్తూ విన్నాను. ఇన్నాళ్ళకి ఆటోలో కూర్చుని ఆ పాఠం గుర్తు చేసుకున్నాను. పారేశాను అంటాం. పారేసుకున్నాను అంటాం. చెత్త పారేశాను, దుద్దు పారేసుకున్నాను. రెండూ ఒకే బుట్టలో పడ్డాయి, ఒకే లారీ ఎక్కాయి, ఒకే గుట్టకి చేరాయి. ఒకదానికోసం రెండు రోజులు నిద్రపోకుండా దాని దారి అంతా కనుక్కున్నాను. రెండోదాని దారి పెళ్ళయి కాపరానికి వచ్చిననాటినుంచీ అడగలేదు. పారేసినదానికి నాకూ సంబంధం లేదని నా నమ్మకం. వ్యాకరణం కూడా నా పక్షానే ఉంది.

ఇది రాత్రి భోజనాల దగ్గర చెబితే మావారు ఒప్పుకోలేదు. ఆయన ప్రశ్నా న్యాయమైనదే. "కోటిమంది ఉన్న ఊరి చెత్త ఎక్కడో ఒకచోట వెయ్యాలిగా? మన పెరట్లో పోసుకుంటామా? నువ్వు ఎంత బాధపడ్డా ఆ 7,000 టన్నుల్లో ఒక కిలో తగ్గుతుందా?" అన్నారు. ఎక్కడో ఒకచోట వెయ్యాలి, నిజమే. కానీ ఆ "ఎక్కడో" ఎప్పుడూ ఆ పక్కనే ఎందుకవుతుంది? సైనిక్‌పురిలోనో, బంజారాహిల్స్‌లోనో ఎందుకు కాదు? కాదని అనడానికి గొంతు ఉన్నవాళ్ళు అక్కడున్నారు గనక. చోటు లేక జవహర్‌నగర్‌లో ఇల్లు వేసుకున్నవాళ్ళని చూపించి, "తెలిసే వెళ్ళారుగా" అనేవాళ్ళనీ విన్నాను. ఇంకో చోట అద్దె కట్టగలిగితే కిటికీ సందుల్లో పేలికలు కుక్కుకుని ఎవరుంటారు?

ఈ సమస్య మన ఒక్కళ్ళదే కాదు. 1987లో న్యూయార్క్ దగ్గర ఐస్లిప్ అనే ఊరి చెత్తని మూడు వేల టన్నులకి పైగా పడవకెత్తి దక్షిణాదికి పంపారు. ఏ రాష్ట్రం వాళ్ళూ దించుకోనివ్వలేదు. మెక్సికో వద్దంది, బెలీజ్ వద్దంది. నెలల తరబడి సముద్రమంతా తిరిగి, అది న్యూయార్క్‌కే వచ్చింది. చివరికి కాల్చి, ఆ బూడిద ఐస్లిప్‌లోనే పాతారు. అందరూ వద్దనగలిగితే చెత్త ఎవరింటికి వాళ్ళింటికే వస్తుందన్నమాట. మన చెత్త పడవలా తిరగలేదంటే, వద్దన్నవాళ్ళ మాట చెల్లలేదు గనకే.

మా అమ్మమ్మగారింట్లో పెరట్లో ఒక మూల పెంటకుప్ప ఉండేది. అన్నం వార్చిన గంజి, బియ్యం కడిగిన నీళ్ళు కుడితి గోలెంలోకి పోయేవి, అది గేదెకి. కూర తొక్కలు కొన్ని గేదెకీ, కొన్ని పెంటకుప్పకీ. వేసంకాలంలో ఆ కుప్ప బండికెత్తి పొలానికి తోలేవారు. చిరిగిన చీర బొంతయ్యేది, బొంత చిరిగితే మసిగుడ్డయ్యేది. ఆవిడ జన్మలో 'చెత్త ఎక్కడికి పోతుంది' అని అడగవలసిన అవసరం రాలేదు, కళ్ళ ఎదురుగానే ఉండేది గనక. ఆ రోజులు మళ్ళీ రావాలని నేననను. మూడో అంతస్తు ఫ్లాటులో గేదెని కట్టలేం. కానీ ఆవిడ ఎదురుగా చూసుకున్నది నేను చూడకుండా ఉండడానికి రోజూ ఒక మనిషినీ, ఒక బండినీ, ఒక ఊరినీ వాడుకుంటున్నాను. దానికి శుభ్రం అని పేరు పెట్టుకున్నాను. పేరంటానికి వచ్చినవాళ్ళు "మీ ఇల్లు ఎంత నీట్‌గా ఉంటుందండీ" అంటే మురిసిపోయాను.

మనకి చెప్పనివాళ్ళు లేకపోలేదు. 2015లో నగరంలో 22 లక్షల ఇళ్ళకి 44 లక్షల డబ్బాలు పంచారు. తడిచెత్తకి ఆకుపచ్చది, పొడిచెత్తకి నీలంది. 2016 నిబంధనలు కూడా ఇంటి దగ్గరే వేరు చెయ్యమన్నాయి. మా ఇంటికీ రెండు డబ్బాలు వచ్చాయి. గట్టివి, మూత బాగా పడుతుంది. ఆకుపచ్చ దాంట్లో బియ్యం పోశాను, నీలం దాంట్లో గోధుమపిండి. ఇప్పుడు మీరు నవ్వుతున్నారంటే మీ ఇంట్లోనూ ఏ ఉల్లిపాయలో ఉన్నాయన్నమాట. చెత్తంతా మాత్రం ఒకే కవరులో ముడివేసి ఇచ్చాను. మన ఇళ్ళనుంచి పోయేదాంట్లో సగానికి పైగా తడిచెత్తే. అది విడిగా పోతే ఎరువు అవుతుంది. ప్లాస్టిక్‌తో, బ్యాటరీలతో, మందుసీసాలతో కలిసి ముడిలో ఉంటే కుళ్ళి, వాసన అవుతుంది, నల్లనీరు అవుతుంది. అంటే గుట్ట లారీలవల్ల పెరగలేదు. నేను వేసిన ముడి దగ్గర మొదలైంది.

శుక్రవారం పొద్దున్న వ్రతం పనులు ఆపుకుని ఆ అమ్మాయికి మళ్ళీ ఫోను చేశాను. ఈసారి ఎత్తింది. "నిన్ను అనుమానించాను. తప్పు నాదే" అన్నాను. దుద్దు దొరికి ఉంటే ఈ మాట అనడం ఎంత తేలికో! దొరకలేదు. ఇక దొరకదు. ఆ అమ్మాయి తియ్యలేదని రుజువు నా దగ్గర లేదు, ఎప్పటికీ ఉండదు. ఆరేళ్ళు బీరువా తాళాలు ముట్టని మనిషికి ఇంకా రుజువు కావాలనుకోవడమే నేను చేసిన తప్పు అని తెలియడానికి నాకు మూడు రోజులు పట్టింది.

"సరేలే అమ్మా" అంది ఆ అమ్మాయి. అందులో క్షమించడం ఎంతుందో, పని పోగొట్టుకోలేకపోవడం ఎంతుందో నాకు తెలియదు. సోమవారం వచ్చింది. రాగానే గట్టు దగ్గర నిలబడి, "ఏమన్న పొట్లాలుంటె మీరే దీసి పెట్టుకోన్రి అమ్మా, తరవాత తుడుస్త" అంది. ఇప్పటికీ రోజూ అదే మాట అంటుంది. గౌరవంగానే అంటుంది. ఇదివరకు అనేది కాదు. చూశారా, దుద్దు ఒక్కటే పోలేదు.

బియ్యం స్టీలు డబ్బాలోకి మార్చాను. తొక్కలకి మేడమీద రెండు పెద్ద కుండీలు పెట్టాను. మొదటి నెల పురుగులు పట్టి, పై ఫ్లాటువాళ్ళు దెబ్బలాటకొచ్చి, అత్తగారు "వజ్రం పోతేనే గానీ నీకు బుద్ధి రాలేదు" అన్నారు. తరవాత మట్టీ, ఎండుటాకులూ కలపడం తెలిసింది. ఇప్పుడు వాసన లేదు. రెండు వంగమొక్కలున్నాయి. వీటివల్ల జవహర్‌నగర్ గుట్ట తగ్గుతుందని నేనెవరికీ చెప్పను, మావారి లెక్క నాకూ తెలుసు. 2019లో మునిసిపల్ కార్పొరేషన్ అయిన ఆ ఊరిని 2025 డిసెంబరులో మహానగరంలోనే కలిపేశారు. ఇక చెత్త ఊరి బయట పడేస్తున్నామని చెప్పుకోవడానికి కూడా వీల్లేదు.

మొన్న మిగిలిన దుద్దు తీసుకుని కంసాలి దగ్గరికి వెళ్ళాను, దీంతో ఉంగరమేదైనా అవుతుందేమోనని. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని, రాళ్ళు చూసి, "మంచి పాత వజ్రాలమ్మా, చెడగొట్టుకోవద్దు. జత ఏదీ?" అన్నాడు.

"జవహర్‌నగర్‌లో ఉంది" అన్నాను.

చుట్టాలింట్లో ఉందనుకున్నాడు కాబోలు, "దగ్గరేగా, తెప్పించుకోండి" అని పొట్లం కట్టి చేతికిచ్చాడు.